ఆర్.ఇ.ఎం. "మాన్‌స్టర్" అంటే ఎందుకంత చిన్నచూపు?

ఆరెంజ్ డబ్బా

అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. మీద నిన్న ఇక్కడ నడిచిన "ఆర్.ఇ.ఎం.లో మీ అయిదు ఆల్బమ్‌లు" అన్న చర్చ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్ దాదాపు అందరూ రాశారు. మర్మర్ ఉంది, న్యూ అడ్వెంచర్స్ ఉంది. మాన్‌స్టర్ ఒక్కరూ రాయలేదు. పైగా ఒకాయన "అదొక్కటి తీసేస్తే 90లలో వాళ్లకి తిరుగులేదు" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది.

అప్పటి పరిస్థితి గుర్తు చేసుకోండి. 1991లో అవుట్ ఆఫ్ టైమ్, 1992లో ఆటోమేటిక్. మాండలిన్, వయొలిన్లు, నెమ్మదైన పాటలు. రెండూ ప్రపంచమంతా విపరీతంగా అమ్ముడుపోయాయి. మూడోది కూడా అదే పద్ధతిలో చేసుంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. వాళ్లేమో 1994 సెప్టెంబరులో గిటార్ల హోరు తెచ్చి, గొంతును దాని కిందికి తోసేసి, ఈ నారింజ రంగు అట్టలో పెట్టి ఇచ్చారు. అమెరికాలో, బ్రిటన్‌లో వస్తూనే నంబర్ వన్ అయింది. కొన్నవాళ్లే మళ్లీ తీసుకెళ్లి సెకండ్ హ్యాండ్ షాపుల్లో పడేశారు.

ఆర్.ఇ.ఎం. గిటార్‌తో చేసిన అసలైన ప్రయోగం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. మిగతా ఆల్బమ్‌లలో పీటర్ బక్ గిటార్ పాటకి తోడు నడుస్తుంది. ఇందులో గిటారే పాట. ఈ మధ్య ఎవరైనా పన్నెండు పాటలూ వరసగా విన్నారా? విన్నాక కూడా నచ్చలేదా?

బొగ్గుబావి

ఆ "ఒకాయన" నేనే బ్రదర్. కోపం లేదు, కానీ మాట మీదే ఉంటా. సియాటిల్ వైపు నుంచి నిర్వాణా, పెర్ల్ జామ్ బ్యాండ్లు వచ్చాక అందరూ డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని బరబరమనేలా చేయడం) వెంట పడ్డారు. వీళ్లూ పడ్డారు. మాండలిన్‌తో రేడియోని గెలిచినవాళ్లు, తమ దారి వదిలేసి ఊరంతా నడిచే రోడ్డెక్కారు. నాకు అదే నచ్చలేదు.

వెన్నెల రేడియో

డిస్టార్షన్ వెంట పడాలనుకుంటే 1992లోనే పడేవాళ్లు కదా. అందరూ హోరెత్తిస్తున్న ఏడాదిలోనే కదా ఆటోమేటిక్ వచ్చింది, సెల్లోలు పెట్టుకుని.

కోటి క్యాసెట్

నా దగ్గర ఇప్పటికీ క్యాసెట్ ఉంది. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య దొరికింది. ఎంత ఇచ్చానో గుర్తులేదు, బేరమాడిన సంగతి మాత్రం గుర్తుంది.

మొదటి పాట "వాట్స్ ద ఫ్రీక్వెన్సీ, కెనెత్?" వీడియో అంతకుముందే టీవీలో చూశాను. గాయకుడు మైకేల్ స్టైప్ గుండుతో కనిపించేసరికి మా నాన్న పేపర్ దించి "ఈయన ఎప్పుడు వెళ్లొచ్చాడు తిరుపతికి?" అన్నారు. ఇప్పటికీ ఆ పాట పెడితే ఇంట్లో "తిరుపతి పాట" అనే అంటారు.

మూడో తీగ

సియాటిల్ బ్యాండ్లలా ఉందని బొగ్గుబావి గారే కాదు, చాలామంది అంటారు. గిటార్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఒకసారి జాగ్రత్తగా వింటే ఆ మాట అనలేరు. కారణం ట్రెమొలో.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నోరు పెట్టి "ఆ..." అంటే గొంతు ముక్కలుముక్కలుగా వచ్చేది చూడండి, ట్రెమొలో దాదాపు అలాగే వినిపిస్తుంది. యాంప్లిఫయర్‌లో ఉండే ఒక సర్క్యూట్ ధ్వనిని సెకనుకి ఇన్నిసార్లని పెంచి తగ్గిస్తుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికిస్తే మారేది స్వరం. ఇక్కడ స్వరం ఉన్నచోటే ఉంటుంది, బిగ్గరతనం మాత్రం అలలా వస్తుంది, పోతుంది. ఫెండర్ కంపెనీ యాంప్ మీద దీనికి "వైబ్రాటో" అని, గిటార్ మీదుండే స్వరం వంచే కడ్డీకి "ట్రెమొలో" అని తిరగేసి పేర్లు పెట్టింది. అందుకే ఇప్పటికీ అందరికీ తికమక.

ఇది బక్ కనిపెట్టింది కాదు. పదేళ్ల ముందే ద స్మిత్స్‌లో జానీ మార్ "హౌ సూన్ ఈజ్ నౌ"ని దీనిమీదే కట్టాడు. కానీ అది ఒక పాట. ఇక్కడ దాదాపు ఆల్బమ్ పొడవునా అదే ఊపిరి. "క్రష్ విత్ ఐలైనర్" వినండి, "ఐ టుక్ యువర్ నేమ్" వినండి. బక్ ఒక కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) కొట్టి వదిలేస్తాడు. మిగతా పనంతా ఆ అలే చేస్తుంది. చేతి వేగం అక్కర్లేదు, సోలో అక్కర్లేదు. అల వేగం పాట లయకి సరిపోకపోతే మాత్రం పాటంతా తడబడుతుంది, కాబట్టి డ్రమ్మర్ కూడా దానికి తలవంచాలి.

ఇంకో సంగతి. అంతకుముందు పదేళ్లూ బక్ పేరు చెబితే గుర్తొచ్చేది రికెన్‌బ్యాకర్ గిటార్, ఒక్కో తీగా విడిగా మీటే ఆ గలగల. ఎంతమంది ఆ పద్ధతి చూసి గిటార్ నేర్చుకున్నారో! తన చేతి గుర్తునే పక్కన పెట్టేసి కొత్తగా మొదలుపెట్టాడంటే దాన్ని ప్రయోగం అనకపోతే ఏమంటాం?

బొగ్గుబావి

టేబుల్ ఫ్యాన్ పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నా. ఒకే ఫ్యాన్ ముందు నలభై తొమ్మిది నిమిషాలు కూర్చోబెట్టారనే నా బాధ.

ఆరెంజ్ డబ్బా

అన్నీ అలా లేవన్నా. "టంగ్" విన్నారా? ఆర్గన్, పియానో, స్టైప్ దొంగగొంతులో సన్నగా పాడతాడు, అదీ ఒక ఆడమనిషి మాటగా. "ఐ డోంట్ స్లీప్, ఐ డ్రీమ్"లో డ్రమ్ములే ముందుంటాయి. "కెనెత్" పాటలో సోలో అయితే టేపు వెనక్కి తిప్పి పెట్టింది. రేడియోలో మోగాల్సిన మొదటి సింగిల్‌లో తిరగేసిన సోలో పెట్టడానికి ధైర్యం కావాలి.

కోటి క్యాసెట్

ఆ పాట చివర్లో లయ కొంచెం నెమ్మదిస్తుంది, గమనించారా? నేనేమో నా టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోయాయనుకునేవాణ్ణి. రికార్డింగ్ మధ్యలో బేసిస్ట్ మైక్ మిల్స్‌కి అపెండిసైటిస్ నొప్పి వచ్చిందట. అతను నెమ్మదించాడు, మిగతావాళ్లు అతని వెంట వెళ్లారు. దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు.

సముద్రం పక్కన

అయ్యో, ఆ నెమ్మదింపు కావాలని చేసిందనుకుని మా బ్యాండ్‌లో అలాగే వాయించేవాళ్లం! వైజాగ్‌లో కాలేజీ రోజుల్లో నేను బేస్.

కొత్తగా విన్నా

నేను ఈ ఆల్బమ్‌కి వచ్చిన దారి వేరు. 2023లో ద బేర్ సిరీస్ రెండో సీజన్ చూస్తుంటే "స్ట్రేంజ్ కరెన్సీస్" వచ్చింది. ఎపిసోడ్ ఆపి పాట వెతికాను. ఈ బ్యాండ్ పేరు వినడమే తప్ప "లూజింగ్ మై రెలిజియన్" దాటి ఏమీ తెలియదు. ఆ ఒక్క పాట కోసం ఆల్బమ్ పెట్టాను, మూడు వారాలు అదే విన్నాను. ఇది బాగోలేదని చెప్పేవాళ్లు ఉన్నారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పీచ్‌ట్రీ

అట్ట మీద ఎలుగుబంటి ఉన్న ఆల్బమ్‌ని ఎలుగుబంటి పేరున్న సిరీసే వెనక్కి తెచ్చింది!

బొగ్గుబావి

"స్ట్రేంజ్ కరెన్సీస్" మంచి పాటే. కానీ అది "ఎవ్రీబడీ హర్ట్స్"కి తమ్ముడు. అదే ఊయల లయ.

కొత్తగా విన్నా

లయ ఒకటే కావచ్చు అన్నా, పాడే మనిషి వేరు కదా. అందులో పాడేవాడు బాధలో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని ఓదారుస్తాడు. ఇందులోవాడు తనని ప్రేమించమని బతిమాలుతూ, వదలకుండా వెంటపడుతూ ఉంటాడు. వింటుంటే జాలీ వేస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

వెన్నెల రేడియో

కొత్తగా విన్నా చెప్పినది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తోంది. అసలు ఈ ఆల్బమ్‌లో స్టైప్ స్టైప్‌లా పాడడు. ఒక్కో పాటలో ఒక్కో వేషం. ఒకడు మేకప్ వేసుకుని తిరిగేవాణ్ణి చూసి మోజుపడతాడు. ఒకడు ఎదుటివాడి పేరే ఎత్తుకుపోతాడు. "కింగ్ ఆఫ్ కామెడీ"లోవాడు అమ్ముడుపోయే సరుకు అవడం గురించి మాట్లాడతాడు. మొదటి పాటలోవాడు కుర్రకారు భాష అర్థం కాక తంటాలు పడే పెద్దమనిషి. ఆ పాట పేరు కూడా వీధిలో నుంచి వచ్చిందే. 1986లో న్యూయార్క్‌లో టీవీ వార్తలు చదివే డాన్ రాదర్‌ని ఎవరో కొడుతూ "కెనెత్, ఫ్రీక్వెన్సీ ఎంత?" అని అరిచాడు. మంచి మనసున్న డాన్ రాదర్ 1995లో బ్యాండ్‌తో నిలబడి ఆ పాట పాడాడు కూడా.

వేషం కట్టినవాడికి రంగు ఎలాగో ఈ ఆల్బమ్‌లో గొంతుకి గిటార్ అలాగ. గొంతు హోరు వెనక ఉండటం లోపం అనుకుంటారు. నాకు అది తెరలా కనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో తెర తీసేసి బొమ్మల్ని చూపిస్తే ఏం మిగులుతుంది?

ఆ తెర జరిగేది ఒక్కచోటే, పదో పాటలో.

పీచ్‌ట్రీ

"లెట్ మీ ఇన్".

వెన్నెల రేడియో

అవును. ఆల్బమ్ తయారవుతున్నప్పుడే, 1994 ఏప్రిల్‌లో నిర్వాణా గాయకుడు కర్ట్ కొబైన్ పోయాడు. స్టైప్ అంతకుముందే అతన్ని ఎలాగైనా రప్పించి కలిసి పాటలు చేయాలని చూశాడు. కుదరలేదు. దానికి అయిదారు నెలల ముందు, 1993 అక్టోబరు చివరి రోజున, స్టైప్ స్నేహితుడు నటుడు రివర్ ఫీనిక్స్ పోయాడు. ఆల్బమ్ అతనికే అంకితం. "బ్యాంగ్ అండ్ బ్లేమ్"లో వెనక వినిపించే గొంతుల్లో అతని చెల్లెలు రెయిన్ ఫీనిక్స్ గొంతు ఉంది.

ఈ రెండు చావుల మధ్య చేసిన ఆల్బమ్‌ని "సరదాగా చేసిన గోల" అని కొట్టేస్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

మూడో తీగ

"లెట్ మీ ఇన్"లో గిటార్ వాయించింది బక్ కాదు, బేసిస్ట్ మైక్ మిల్స్. టూర్‌లో ఈ పాటకి అతను పట్టుకున్నది కొబైన్ సొంత గిటార్, ఫెండర్ జాగ్-స్టాంగ్. కొబైన్ భార్య కోర్ట్నీ లవ్ దాన్ని బక్‌కి ఇచ్చింది. "కెనెత్" వీడియోలో బక్ చేతిలో తలకిందులుగా ఉన్న నీలం గిటార్ అదే. కొబైన్ ఎడమచేతివాటం కదా.

పాట వినేటప్పుడు గమనించండి. తాళం చూపించే డ్రమ్ములు లేవు. గిటార్ ఒక్కటే గోడలా నిలబడుతుంది. దాని అవతల నుంచి ఎవరో పిలుస్తున్నట్టు స్టైప్ గొంతు. చివరికొచ్చేసరికి ఆర్గన్ మెల్లగా చేరుతుంది. ఇందులో గిటార్ హోరు తగ్గిస్తే పాటే పోతుంది. లోపలికి రానివ్వమని అడిగేవాడికి అడ్డంగా తలుపు ఉండాలి కదా.

సముద్రం పక్కన

మా నాన్నగారు పోయిన నెలలో ఈ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అవసరం కూడా పడలేదు.

ఆరెంజ్ డబ్బా

🙏

డ్రమ్ముల శాస్త్రి

ఆలస్యంగా వచ్చాను, అయినా డ్రమ్మర్ బిల్ బెర్రీ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ఈ ఆల్బమ్ పుట్టడానికి ఒక కారణం కచేరీలు. 1989 తర్వాత వాళ్లు టూర్ చేయలేదు. ముందు రెండు ఆల్బమ్‌ల పాటలు పెద్ద స్టేడియాల్లో వాయించడానికి కష్టం. నిలబడి గట్టిగా వాయించే పాటలు కావాలనుకున్నారు. అందుకే అట్లాంటాలో ఒక సౌండ్‌స్టేజ్‌లో కచేరీకి పెట్టుకున్నట్టే సామాను పెట్టుకుని, నలుగురూ కలిసి వాయిస్తూ రికార్డు చేశారు. ఆ వేడి డ్రమ్ముల్లో తెలుస్తుంది. "స్టార్ 69" వినండి, మూడు నిమిషాల్లో ఊపిరాడనివ్వడు.

టూర్ మాత్రం వాళ్లని చాలా బాధపెట్టింది. 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో వేదిక మీదే బెర్రీకి మెదడులో రక్తనాళం సమస్య వచ్చింది, ఆపరేషన్ అయింది. తర్వాత మిల్స్‌కి కడుపు ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా ఆపరేషన్. నలుగురిలో ముగ్గురు ఒకే టూర్‌లో! అయినా పూర్తి చేశారు. 1997లో బెర్రీ బ్యాండ్ వదిలేశాడు. నలుగురూ ఒక గదిలో ఇంత గట్టిగా వాయించడం మళ్లీ ఆ పద్ధతిలో జరగలేదు. నాకు మాన్‌స్టర్ అందుకే ప్రాణం.

బొగ్గుబావి

శాస్త్రి గారూ, మీరు చెప్పినదాంట్లోనే నా పాయింట్ ఉంది. ఆ టూర్‌లో సౌండ్‌చెక్‌ల దగ్గర, వేదికల మీద చేసిన పాటలే కదా న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై అయింది. మాన్‌స్టర్‌లో మొదలుపెట్టిన పని అక్కడ పూర్తయింది. పూర్తయినది ఉండగా మొదలుపెట్టినది ఎందుకు వినాలి?

డ్రమ్ముల శాస్త్రి

విత్తనం నాటినవాడికి కూడా పంటలో వాటా ఇవ్వాలి బాబూ.

పీచ్‌ట్రీ

నేను అట్లాంటా పక్కన ఉంటాను. ఆర్.ఇ.ఎం. పుట్టిన ఊరు, జార్జియాలోని ఏథెన్స్, గంటన్నర దారి. ఒక శనివారం మా ఆయన్ని, పిల్లల్ని కారులో ఎక్కించుకుని వెళ్లాను. 1980 ఏప్రిల్ 5న వీళ్లు మొదటిసారి వాయించిన పాత చర్చి ఇప్పుడు లేదు, గోపురం మాత్రం మిగిలింది. బక్ పనిచేసిన, స్టైప్‌తో పరిచయమైన రికార్డు షాపు వక్స్‌ట్రీ ఇంకా ఉంది. "ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్" అన్న మాట తన నినాదంగా పెట్టుకున్న వీవర్ డీస్ హోటల్ కూడా చూశాం. పిల్లలు వేయించిన చికెన్ గురించే మాట్లాడారు, నేను ఆ గోపురం గురించే ఆలోచించాను.

ఈ ఊళ్లో మాన్‌స్టర్‌కి ప్రత్యేకమైన గుర్తు ఏదీ నాకు కనబడలేదు. మా ఇంటి దగ్గర ఒక పాత సీడీల షాపులో మాత్రం ఎప్పుడు వెళ్లినా నారింజ రంగు అట్టలు నాలుగైదు ఉండేవి. నా దగ్గరున్న అదనపు కాపీ ఇస్తానంటే కౌంటర్‌లో ఉన్నతను చెయ్యి అడ్డం పెట్టాడు, డబ్బులు వద్దన్నా తీసుకోలేదు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కాపీ కారులో ఉంది, వర్షం పడితే అదే పెడతాను. "యు" పాటకి వర్షం బాగా కలుస్తుంది.

కొత్తగా విన్నా

2019 రీమిక్స్ మంచిదా, పాతదే మంచిదా? నేను మొదట విన్నది రీమిక్స్ అని నిన్ననే తెలిసింది.

మూడో తీగ

చేసింది బయటివాళ్లు కాదు. మొదట నిర్మించిన స్కాట్ లిట్టే ఇరవై అయిదేళ్లకి మళ్లీ మిక్స్ చేశాడు. పాత మిక్స్ మీద ఆయనకే అసంతృప్తి ఉండేది. కొత్తదాంట్లో గొంతు ముందుకొచ్చింది, గిటార్లు పలచబడ్డాయి, కొన్నిచోట్ల టేపుల్లో మిగిలిపోయిన వేరే భాగాలు వాడాడు. మాటలు తెలుసుకోవడానికి పనికొస్తుంది. నాకు మాత్రం పాతదే.

సముద్రం పక్కన

నేను ఇక్కడ మూడో తీగతో ఒప్పుకోను. రీమిక్స్ వచ్చాకే నాకు మిల్స్ బేస్ వినిపించింది. ఇరవై అయిదేళ్లు అందులో ఏం వాయించాడో తెలియకుండా అభిమానినని చెప్పుకున్నాను. "బ్యాంగ్ అండ్ బ్లేమ్"లో బేస్ కోసమైనా రీమిక్స్ వినాలి.

వెన్నెల రేడియో

రీమిక్స్‌లో పాటలు విడిగా బాగుంటాయి. పాతదాంట్లో ఆల్బమ్ బాగుంటుంది. నా లెక్క ఇంతే. రీమిక్స్‌తో కలిపి 2019లో తెచ్చిన సీడీల పెట్టెలోనే ఉన్న 1995 చికాగో కచేరీ మాత్రం అందరూ వినాలి.

కోటి క్యాసెట్

"బ్యాంగ్ అండ్ బ్లేమ్" అయిపోయాక కాసేపు ఆగి చిన్న వాయిద్యం ఒకటి వస్తుంది, అట్ట మీద దాని పేరు ఉండదు. క్యాసెట్ వాళ్లకి అది బాగా తెలుసు. పాట అయిపోయిందనుకునే సరికి మళ్లీ మోగేది.

బొగ్గుబావి

సరే. మీరంతా ఇంత రాశాక వినకుండా వాదించడం పద్ధతి కాదని నిన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చాక పెట్టాను. పాత మిక్స్. ఇయర్‌ఫోన్లు, లైట్లు ఆర్పేసి.

"కింగ్ ఆఫ్ కామెడీ" ఇప్పటికీ నచ్చలేదు. "సర్కస్ ఎన్వీ" కూడా. ఆ రెండూ లేకపోయినా ఏ నష్టమూ లేదు, ఎవరు తిట్టినా ఇదే మాట. "క్రష్ విత్ ఐలైనర్"లో వెనక అరిచేది సోనిక్ యూత్ బ్యాండ్‌లోని థర్స్టన్ మూర్ అని నిన్నే గమనించాను, ఇన్నేళ్లు విని కూడా. సియాటిల్ అన్న మాట తప్పే. ఇది న్యూయార్క్ డాల్స్ బ్యాండ్‌కి దగ్గరగా ఉంది, రంగు పూసుకున్న 70ల రాక్‌కి.

"లెట్ మీ ఇన్" దగ్గర మాత్రం నేను ఏమీ రాయలేను. రెండుసార్లు వెనక్కి తిప్పాను. మా ఆవిడ లేచొచ్చి ఏమైందని అడిగింది.

నా అయిదులో ఇది ఉండదు. ఆరోది ఇదే.

ఆరెంజ్ డబ్బా

నాకు ఆరు చాలన్నా.

సముద్రం పక్కన

మూడో తీగ గారూ, పాత బ్యాండ్‌వాళ్లం నలుగురం దసరాకి కలుస్తున్నాం. "క్రష్" వాయించాలని ఉంది. మా గిటారిస్ట్ దగ్గర ట్రెమొలో పెడల్ ఉంది, కానీ ఆ అల రావట్లేదు, మొత్తం గుజ్జు అయిపోతోంది.

మూడో తీగ

పెడల్‌ని డిస్టార్షన్‌కి ముందు పెట్టి ఉంటాడు. అలా పెడితే డిస్టార్షన్ ఎత్తుపల్లాలన్నీ నొక్కేస్తుంది, అల చదునైపోతుంది. డిస్టార్షన్ తర్వాత పెట్టమనండి. డెప్త్ బాగా తిప్పి, స్పీడ్ మీ డ్రమ్మర్ వాయించే లయకి చెవితో కలుపుకోండి, అంకెలు చూడొద్దు. కార్డు కొట్టాక చెయ్యి తీసేయాలి. అదే కష్టం, గిటారిస్టులకి చెయ్యి ఊరుకోదు.

డ్రమ్ముల శాస్త్రి

డ్రమ్మర్‌కి కూడా చెప్పండి, మధ్యలో వేగం పెంచొద్దని. రికార్డింగ్ ఇక్కడ పెట్టడం మర్చిపోకండి.